కేకు కోస్తే సేవ కాదు, రోస్టరు వుంటేనే సేవ

ఫాదర్లు వీధి పిల్లల్ని చేరదీసేది జాలితో కాదు, మతంలో కలుపుకోడానికే అనే మాట మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. ఒకప్పుడు ఫార్వర్డు మెయిళ్ళలో తిరిగేది, ఇప్పుడు వాట్సాపులో తిరుగుతోంది. బండి మారింది గానీ సరుకు మారలేదు. ఈ మాట అనేవాళ్ళని నేను ఒకటే అడుగుతుంటాను. అర్ధరాత్రి ఒంటి గంటకి విజయవాడ స్టేషన్లో ఒంటరిగా రైలు దిగిన పదకొండేళ్ళ పిల్లాడిని ముందుగా పలకరించేది ఎవరో మీకు తెలుసా అని. ఇంతవరకూ ఎవ్వరూ సమాధానం చెప్పలేదు. విషయం తెలియకపోయినా అభిప్రాయం మాత్రం ఉక్కులా వుంటుంది మనకి.

ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నేను క్రైస్తవుణ్ణి కాదు, చర్చికి వెళ్ళను. గుడికి కూడా అమ్మ లాక్కెళ్తే తప్ప వెళ్ళను. మాది ఖమ్మం జిల్లా వేంసూరు, పొట్టకూటికి సాఫ్టువేరు రాస్తాను. కాబట్టి "నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావో తెలుసులే" అనే వాదన ఇక్కడ పనిచెయ్యదు.

వేంసూరుకీ విజయవాడ స్టేషనుకీ ఏం సంబంధం అంటారా? చాలా వుంది. మా వూరికి రైలు లేదు. సత్తుపల్లి దాకా 2022లో లైను వచ్చింది గానీ అది కొత్తగూడెం వైపు బొగ్గు తోలడానికి వచ్చింది, మనుషుల కోసం కాదు. ఆ బొగ్గు తవ్వే గనులకి జలగం వెంగళరావు పేరు పెట్టారు. 1962 నుంచి వేంసూరు నియోజకవర్గంలో వరసగా గెలిచి, 1973లో ముఖ్యమంత్రి అయిన మనిషి. ముఖ్యమంత్రిని ఇచ్చిన నేల అని మావాళ్ళు ఇప్పటికీ మీసం మెలేస్తారు. అది సరే. ఇంట్లో దెబ్బలు తిని అలిగిన మా పిల్లాడు ఎక్కేది మాత్రం తిరువూరు మీదుగా విజయవాడ పోయే బస్సే. అక్కడ దిగితే మద్రాసు, హౌరా, ఢిల్లీ, గుంటూరు, అన్ని దిక్కులకీ రైళ్ళు. పది ప్లాట్‌ఫారాలు. టిక్కెట్టు లేని వాడికి ప్రపంచం అక్కణ్ణించే మొదలవుతుంది.

పిల్లలు ఇల్లొదిలి ఎందుకు పోతారన్నది పెద్ద రహస్యమేమీ కాదు. తండ్రి తాగొచ్చి కొట్టడం, తల్లి పోయాక ఇంట్లో ఎవరికీ కానివాడైపోవడం, హాస్టల్లో వుండలేక గోడ దూకడం, పదో తరగతి ఫలితాల రోజున ఇంటికెళ్ళే ధైర్యం లేకపోవడం. మిరప కోతల రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాజెల్లాతో సహా ఖమ్మం జిల్లా చేలల్లోకి దిగుతారు. పెద్దవాళ్ళు పొద్దుగూకేదాకా కోతలో వుంటే పిల్లలు గట్టు మీద వుంటారు. వాళ్ళకి అక్కడి బడి పోయింది, ఇక్కడి బడి అందలేదు. ఆ గట్టు మీద నుంచి ఏదో ఒక హోటల్లో కప్పులు కడిగే పనికి ఎంతో దూరం లేదు.

పైగా 2014 జూన్ 2 తర్వాత ఇంకో చిక్కు వచ్చి పడింది. వేంసూరు తెలంగాణ, విజయవాడ ఆంధ్రప్రదేశ్. బస్సులో పోయినంత సేపు కూడా పట్టకుండా పిల్లాడు వేరే రాష్ట్రంలోకి వెళ్ళిపోతాడు. వాణ్ణి తిరిగి పంపాలంటే అక్కడి బాలల సంక్షేమ సమితి నుంచి ఇక్కడి సమితికి కాగితం రావాలి, విచారణ జరగాలి, తోడు మనిషి రావాలి. పిల్లాడికి హద్దురాయి కనపడదు, ఫైలుకి మాత్రం బాగా కనపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విజయవాడలో 1989 నుంచి నవజీవన్ బాలభవన్ అని ఒక సంస్థ పనిచేస్తోంది. డాన్ బోస్కో పేరు మీద నడిచే సలేషియన్ సభ ఫాదర్లది. ఫాదర్ థామస్ కోశి చాలా ఏళ్ళు దానికి డైరెక్టరుగా వున్నారు. ఆ పని గుడి గంటలకి, చర్చి గంటలకి దూరంగా, స్టేషన్ల చుట్టూ, బస్టాండ్ల చుట్టూ, చిత్తుకాగితాలు ఏరుకునే వీధుల్లో మొదలైన పని.

ఈ పని ఎలా వుంటుందో తెలియకుండా దాని మీద తీర్పు చెప్పకూడదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. రైలు దిగిన పిల్లాడి సంగతి మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. చేతిలో సామాను వుండదు. బయటికి పోయే దారి వైపు కాకుండా ప్లాట్‌ఫారం చివరి వైపు నడుస్తాడు. వాణ్ణి చూడగానే గుర్తుపట్టే వాళ్ళు స్టేషన్లో చాలామందే వుంటారు. హోటలు పనికి కుర్రాళ్ళని పట్టుకెళ్ళే వాడు గుర్తుపడతాడు. ఖాళీ సీసాలు ఏరించుకుని అందులో వాటా తినే పెద్ద కుర్రాడు గుర్తుపడతాడు. పంక్చర్లకి వాడే సొల్యూషను గుడ్డలో పోసి పీల్చడం నేర్పేవాడు గుర్తుపడతాడు. ఇంకా చెడ్డవాళ్ళు కూడా గుర్తుపడతారు. వీళ్ళందరూ "ఆకలేస్తోందా?" అనే మాటతోనే మొదలెడతారు. ఈ పోటీలో గెలవాలంటే మంచివాడు కూడా అదే టైముకి అక్కడే వుండాలి. రేపు పదింటికి ఆఫీసు తెరిచాక వస్తానంటే కుదరదు.

పలకరించాక కూడా కథ అయిపోదు. చెయ్యి పట్టి లాక్కెళ్తే పారిపోతాడు. పడుకోడానికి చోటు, స్నానానికి నీళ్ళు, వున్న నాలుగు రూపాయలు దాచుకోడానికి ఒక పెట్టె, ఇవి ముందు ఇవ్వాలి. మూడోరోజుకో నాలుగోరోజుకో అసలు పేరు చెప్తాడు. అప్పటిదాకా చెప్పింది దొంగపేరే. చట్టం ప్రకారం ఇరవైనాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ సమితికో, పోలీసుకో, సంబంధిత అధికారికో తెలియజెయ్యాలి. తర్వాత వూరు కనుక్కోవాలి, ఇంటికి పంపితే మళ్ళీ కొడతారా లేదా తేల్చుకోవాలి, పంపాక కూడా వుంటున్నాడో లేదో కనుక్కుంటూ వుండాలి. ఇల్లే లేనివాడికి బడి చూడాలి, వయసు దాటినవాడికి వెల్డింగో కరెంటు పనో నేర్పాలి. ఒక్క పిల్లాడి వెనక ఇంత వుంటుంది.

మన వృత్తిలో వాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమయ్యేలా చెప్తాను. రాత్రి రెండింటికి క్లయింటు సర్వరు పడిపోతే ఎవడో ఒకడు లేస్తాడు. వాడు మహాత్ముడు కాబట్టి లేవడు. రోస్టర్లో ఆ రాత్రి వాడి పేరు వుంది కాబట్టి లేస్తాడు. వాడు సెలవు పెడితే ఇంకొకడి పేరు వుంటుంది. ఆ ఫాదర్లు చేసింది సరిగ్గా ఇదే. వాళ్ళ దయ గొప్పదా, నా దయ గొప్పదా అని నేను కొలవలేను. వాళ్ళకి రోస్టరు వుంది, మనకి లేదు. తేడా అంతా అక్కడే వుంది.

ఈ పద్ధతి వాళ్ళకి ఇవ్వాళ వచ్చింది కాదు. డాన్ బోస్కో అనే ఇటాలియన్ ఫాదరు 1841లో టూరిన్ నగరంలో ఈ పని మొదలుపెట్టాడు. పల్లెల నుంచి తాపీపనికి, మిల్లుపనికి వచ్చి వీధుల్లో, చివరికి జైళ్ళలో తేలుతున్న కుర్రాళ్ళు ఆయన కంటపడ్డారు. అన్నం పెట్టి ఊరుకోలేదు. 1850ల్లో యజమానులతో కాగితం మీద ఒప్పందాలు రాయించాడు. కుర్రాణ్ణి కొట్టకూడదు, సెలవు ఇవ్వాలి, పని నేర్పాలి అని. అప్పటి టూరిన్ కీ ఇప్పటి మన బెజవాడకీ పెద్ద తేడా ఏముంది చెప్పండి.

సరే, ఇప్పుడు అభ్యంతరాలు ఒక్కొక్కటీ తీసుకుందాం. 

మొదటిది మతమార్పిడి. దీన్ని దాటవేసే ఉద్దేశం నాకు లేదు. డాన్ బోస్కో తన పద్ధతికి మూడు స్తంభాలు చెప్పాడు: వివేకం, మతం, ప్రేమ. మధ్యలో మతం వుంది, స్పష్టంగా వుంది. కాబట్టి ప్రశ్న అడగడం తప్పు కాదు. కానీ ప్రశ్నని కొలిచే తూకం మన రాజ్యాంగంలోనే వుంది. 28వ అధికరణం మూడో క్లాజు చదవండి. ప్రభుత్వ గుర్తింపో, సాయమో వున్న విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ళ సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుడి సమ్మతి లేకుండా, మతబోధకి కూర్చోబెట్టకూడదు. అది విద్యాసంస్థల గురించి రాసిన మాటే అయినా పిల్లల హోములకి కూడా అదే తూకం వాడదాం. ఏ హోములో అయినా అన్నానికీ ప్రార్థనకీ ముడిపెడితే నేనూ మీతో కలిసి ఫిర్యాదు రాస్తాను. అయితే అది చూసి రాసిన ఫిర్యాదు అయ్యుండాలి, విని పంపిన ఫార్వర్డు కాదు.

ఇంకొకటి, లాభం కోసం మారతారు అంటారు కదా, లెక్క వేసుకుందాం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ మతం వదిలిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు, క్రైస్తవులని కలపలేదు. మన దగ్గర క్రైస్తవుడైన దళితుడు బీసీ-సి కిందకి వస్తాడు, దానికున్న రిజర్వేషను ఒక్క శాతం. అంటే మా వేంసూరు దళితవాడ కుర్రాడు కాగితం మీద క్రైస్తవుడైతే చేతిలో వున్నది పోగొట్టుకుంటాడు. ఇంత నష్టానికి సిద్ధపడి ఒక మనిషి పోతున్నాడంటే వాడికి అక్కడ దొరికిందేమిటి, మన వీధిలో దొరకనిదేమిటి అన్న ప్రశ్న మనల్ని మనం వేసుకోవాల్సింది. గిన్నె తాకనివ్వని చేత్తోనే ఫార్వర్డు నొక్కితే ఎలాగండీ?

రెండో అభ్యంతరం విదేశీ డబ్బు. విదేశీ విరాళాల మీద చట్టం వుంది. 2010 చట్టాన్ని 2020లో ఇంకా బిగించారు. డబ్బంతా ఢిల్లీలో ఒకే స్టేట్ బ్యాంకు శాఖకి రావాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, పరిపాలన ఖర్చు పరిమితిని సగం నుంచి ఇరవై శాతానికి దించారు. ఆ నిఘా వుండాల్సిందే, దొంగలు దొరకాల్సిందే. కానీ ఆ డబ్బు ఆగిపోయిన మర్నాడు ఆ రాత్రి డ్యూటీ మనిషి జీతం ఎవరిస్తారు? ఆ మాట ఎత్తితే అందరూ టీ తాగడానికి లేచిపోతారు.

పైగా మన వైపుకి వచ్చిన క్రైస్తవమంతా డాలర్ల మీద వచ్చింది కాదు. ఖమ్మం నుంచి రైల్లో పైకెళ్తే వచ్చే డోర్నకల్ సంగతి చూడండి. వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తమిళుడు, మొదట వైఎంసీఏలో యువకుల మధ్య పనిచేసిన మనిషి, 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టించాడు. మనుషులు ఇక్కడివాళ్ళే, డబ్బు ఇక్కడిదే, పెత్తనం ఇక్కడివాళ్ళదే. వాళ్ళు ఎంచుకున్న పనిచోటు డోర్నకల్. 1910లో ఎడిన్‌బరో సభలో తెల్లదొరల ఎదురుగానే నిలబడి, మీ త్యాగాలు సరే, మమ్మల్ని స్నేహితుల్లా చూడండి అనే అర్థం వచ్చేలా చెప్పి వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు కూడా. ఈ మనిషిని ఏ విదేశీ ఏజెంటు ఖాతాలో వేస్తారు?

ఇంతవరకూ చదివి చర్చి పక్షం వాళ్ళు చప్పట్లు కొడుతున్నారేమో, ఆగండి. మీకూ వుంది. పిల్లల ఫొటోలు పెట్టి, కన్నీటి కథలు రాసి, విదేశాలకి బ్రోచర్లు పంపి, ఇక్కడ ఒక రేకుల షెడ్డులో పిల్లల్ని కుక్కే "మిషన్లు" కూడా వున్నాయి. తల్లిదండ్రులు వున్న పిల్లల్ని అనాథలని రాస్తారు. 2018లో బయటికొచ్చిన కేంద్ర ప్రభుత్వ సర్వేలో దేశం మొత్తం 9,589 బాలల సంస్థలు లెక్కతేలితే, వాటిలో బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరైనవి మూడోవంతు దగ్గరే. అన్ని మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ అందులో వున్నారు. అదే ఏడాది బీహార్ ముజఫర్‌పూర్ హోములో ఆడపిల్లల మీద జరిగిన ఘోరాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ తనిఖీ బయటపెట్టింది. అది ఏ చర్చిదీ కాదు. 2002లో బోస్టన్‌లో బయటపడింది మాత్రం అచ్చంగా చర్చిదే. అంగీ తెల్లగా వుందని తనిఖీ వద్దనేవాడు పిల్లల పక్షం కాదు. రిజిస్ట్రేషనూ, తనిఖీ, పిల్లలు భయం లేకుండా ఫిర్యాదు చెయ్యగల దారి, ఈ మూడూ లేకుండా ఏ ఫాదరూ, ఏ స్వామీజీ, ఏ మౌల్వీ పిల్లల హోము నడపకూడదు. పేరున్న సంస్థకి కూడా ఇందులో మినహాయింపు లేదు.

ప్రభుత్వం చూసుకోవాలి కదా అంటారు. చూసుకోవాలి. ఏం చూస్తోంది? తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుపుతారు. ఎంతోమంది పిల్లలు బయటపడతారు, మంచిదే. కానీ పిల్లలు జనవరి, జులై చూసుకుని పారిపోరు. 1996లో బొంబాయిలో మొదలైన 1098 చైల్డ్‌లైనుని ఏళ్ళ తరబడి స్వచ్ఛంద సంస్థలే నడిపాయి. 2023లో దాన్ని రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖల కిందకి తెచ్చి, 112తో కలిపారు. నంబరు వుంది, ఇప్పటికీ పనిచేస్తుంది, గుర్తుపెట్టుకోండి. అయితే ఫోను చెయ్యాలంటే ముందు ఆ పిల్లాణ్ణి చూసిన మనిషి ఒకడుండాలి. చూసే మనిషిని ఏ సాఫ్టువేరూ తయారుచెయ్యదు, ఈ ముక్క సాఫ్టువేరు రాసేవాడిగా చెప్తున్నాను.

ఇక మన సంగతి. నాకు అసలు కోపం ఇక్కడే. మన కంపెనీల్లో సేవ అంటే ఏమిటి? శనివారం బస్సు, అందరికీ ఒకే రంగు టీషర్టులు, ఒక అనాథాశ్రమం, ఒక కేకు. పిల్లలు వరసగా కూర్చుంటారు, మనం తినిపిస్తాం, ఫొటో దిగుతాం. సాయంత్రానికి ఆ ఫొటో ఇంటర్నెట్టులో వుంటుంది. ఆ పిల్లాడి మొహం ప్రపంచమంతా చూస్తుంది, వాడి సమ్మతి ఎవరూ అడగరు. ఒకే పిల్లాడు నెలలో ఎన్ని కేకులు తింటాడో, ఎంతమంది తెలియని అన్నయ్యలకి "థాంక్యూ" చెప్తాడో ఎప్పుడైనా ఆలోచించారా? ప్రతివాడూ "మళ్ళీ వస్తాం" అంటాడు. వదిలేసి పోవడమనేది వాడికి ఇంట్లో ఒకసారి జరిగింది, మనం దాన్ని వారం వారం చేసి చూపిస్తున్నాం.

డబ్బు లేక కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల సగటులో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సిందే. కంప్యూటర్లు ఇస్తాం, బల్లలు ఇస్తాం, గోడలకి రంగులు వేయిస్తాం. రాత్రి డ్యూటీ చేసే మనిషికి మూడేళ్ళు జీతం ఇవ్వండి అంటే మాత్రం ముఖాలు ముడుస్తారు. ఎందుకంటే జీతం మీద కంపెనీ బొమ్మ అంటించడం కుదరదు.

"హిందువులు చెయ్యట్లేదా?" అంటూ చిట్టా తీసేవాళ్ళుంటారు. చేస్తున్నారు. తిరుపతిలో దేవస్థానం బాలమందిరం వుంది. ఏ మతం జెండా లేకుండా చేసినవాళ్ళూ వున్నారు. ఎంవీ ఫౌండేషన్ 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పనిలోంచి తీసి బడిలో పెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని తేల్చిచెప్పిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆమెకి శిలువ అవసరం రాలేదు, కాషాయం అవసరం రాలేదు. బడి మానేసిన పిల్లాడి ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే మనుషులు అవసరమయ్యారు. నేను చెప్పేదీ అదే. ఈ పని చెయ్యడానికి ఫాదరే కానక్కర్లేదు. కానీ ఫాదరు చేస్తుంటే వద్దనాలంటే మాత్రం ఆ డ్యూటీ ముందు మనం తీసుకోవాలి. ఖాళీ కుర్చీ చూపించి, కూర్చున్నవాణ్ణి లెమ్మనడం కుదరదు.

కాబట్టి వాదన ఇష్టమైన మిత్రులకి ఒక పని ప్రతిపాదిస్తున్నాను. సత్తుపల్లి బస్టాండులో రాత్రి బస్సుల వేళకి ఒక మనిషి వుండాలి. పిల్లాడు విజయవాడ చేరకముందే, రాష్ట్రం దాటకముందే, వాణ్ణి పలకరించే మనిషి. బాలల సంక్షేమ సమితితో మాట్లాడి, వాళ్ళకి తెలిసే, శిక్షణ తీసుకునే వుండాలి, సొంత పెత్తనం వద్దు. పదిమంది ఇంజనీర్లు తలా రెండువేలు వేసుకుంటే నెలకి ఇరవైవేలు, ఒక మనిషి జీతం వస్తుంది. వారాంతం సినిమా, పాప్‌కార్న్ ఖర్చు. కండక్టర్లకీ, టీ కొట్టువాళ్ళకీ 1098 నంబరు చెప్పి పెట్టడానికైతే అదీ అక్కర్లేదు. ఆ మనిషి హిందువైనా పర్లేదు, ముస్లిమైనా పర్లేదు, నాస్తికుడైనా పర్లేదు, పాస్టరు గారి అబ్బాయైనా పర్లేదు. పిల్లాణ్ణి మతం అడగకపోతే చాలు.

ఇది చేసి చూపించాక ఫాదర్ల మీద ఎంత పెద్ద వ్యాసం రాసినా నేను కూర్చుని చదువుతాను. అప్పటిదాకా ఈ మతమార్పిడి వాదన నాతో వద్దు. ఒంటిగంట రైలు వాదన అయ్యేదాకా ఆగదు.